మూసీ లోయలో మూడు రోజులు

సంక్రాంతికి హైదరాబాదు జనమంతా రైళ్ళలోనూ, బస్సుల్లోనూ, కార్లలోనూ మా కోస్తా జిల్లాలకు తరలివస్తూంటే, మా దంపతులిద్దరం వాళ్ళకు ఎదురు వెళ్ళాం. మా అబ్బాయికి ఆఫీసులో సెలవు దొరకలేదు. “మీరే రండి నాన్నా, ఇటు వచ్చే రైళ్ళు ఖాళీగా ఉంటాయి” అన్నాడు. నిజంగానే ఖాళీ. మా ఆవిడ వండిన అరిసెల డబ్బా ఎదుటి బెర్తు మీద దర్జాగా పడుకుని ప్రయాణం చేసింది.

కొండాపూర్‌లో వాళ్ళ కాపురం పధ్నాలుగో అంతస్తులో. బాల్కనీలో నిలబడితే కనుచూపు మేర అద్దాల మేడలు. వాటి సందుల్లో, ఇంకా ఎవరూ పగలగొట్టని నల్లబండలు. మా మనవరాలు ఆరో తరగతి. పండగ సెలవుల్లో రాసుకు రమ్మని బళ్ళో “మా ఊరి నది” అని వ్యాసం ఇచ్చారట. పిల్ల రాసిన వ్యాసం రెండే వాక్యాలు: “మా ఊళ్ళో నది లేదు. మాకు నీళ్ళు ట్యాంకరులో వస్తాయి.”

అందరూ నవ్వారు. నేనూ నవ్వానుగాని, లోపల ఎక్కడో చివుక్కుమంది. బందరు దగ్గర హైస్కూల్లో ముప్ఫయ్యారేళ్ళు భూగోళం చెప్పినవాణ్ణి. నా మనవరాలు నది ఒడిలో కూర్చుని నది లేదంటుందా?

ఆ రాత్రి భోజనాల దగ్గర అబ్బాయి ఇంకో సంగతి చెప్పాడు. కారిడారు అంచున ఒక కొత్త అపార్టుమెంటులో ఫ్లాటు చూశారట. సోమవారానికల్లా అడ్వాన్సు కట్టాలట. “ఆదివారం మీరూ చూసి సరేననండి. బాల్కనీలోంచి చెరువు కనిపిస్తుంది” అన్నాడు. కోడలు రంగుల పుస్తకం తెచ్చి చూపించింది. బొమ్మలో చెరువు అద్దంలా ఉంది. హంసలు కూడా ఉన్నాయి.

“సరే, ఆదివారం చూద్దాం. ఈలోగా పిల్లకు నేను నదిని చూపిస్తాను” అన్నాను.

చినుకు ఎటు పోతుంది?

మర్నాడు తెల్లవారగానే పటం పరిచి కూర్చున్నాం. నది అంటే కనిపించే నీళ్ళు మాత్రమే కాదని, ఏ నేల మీద పడ్డ వాన ఆ నీళ్ళలోకి దిగుతుందో ఆ నేలంతా నదిదేనని చెప్పాను. ఈ ప్రాంతంలో ఒక విచిత్రముంది. పటాన్‌చెరు వైపు పడ్డ చినుకు నక్కవాగులో కలిసి మంజీరకు, అక్కడినుంచి గోదావరికి పోతుంది. మాదాపూర్ దుర్గం చెరువు వైపు పడ్డ చినుకు మూసీకి దిగి, కృష్ణలో కలుస్తుంది. అంటే ఈ సాఫ్టువేరు పట్నం రెండు మహానదుల ఇళ్ళ మధ్య అరుగులాంటిదన్నమాట.

“అయితే మనం అరుగు మీద ఉన్నామా తాతయ్యా?” అంది పిల్ల.

“అరుగు మీద కూర్చుని ఈ ఇంటికి గుమ్మమే లేదని రాశావు తల్లీ!” అన్నాను.

అనంతగిరి నుంచి గండిపేట దాకా

అద్దె కారు మాట్లాడుకుని, మా ఆవిడా, నేనూ, పిల్లా వికారాబాదు దారి పట్టాం. హైదరాబాదుకు పడమరగా సుమారు 80 కిలోమీటర్లు. అనంతగిరి కొండలు పెద్ద ఎత్తయినవి కావు. అయినా ఆ మెట్ట ప్రాంతంలో అంత పచ్చటి అడవి చూస్తే ప్రాణం లేచొస్తుంది. పొగమంచు ఇంకా విడలేదు. నిజాం కాలంలో ఇక్కడ క్షయ రోగులకు ఆస్పత్రి కట్టారంటే, గాలి ఎలాంటిదో ఊహించుకోవచ్చు.

కొండమీద అనంత పద్మనాభస్వామి గుడి. మూసీ పుట్టిల్లు ఈ కొండలే. పురాణంలో ఈ నదికి ముచుకుంద అని పేరు. దేవతలకు యుద్ధంలో సాయం చేసి అలసిపోయిన ముచుకుందుడు ఇక్కడి గుహలో నిద్రపోయాడనీ, కృష్ణుణ్ణి తరుముకుంటూ వచ్చిన కాలయవనుడు అతన్ని నిద్రలేపి భస్మమైపోయాడనీ, తర్వాత ముచుకుందుడు కృష్ణుని పాదాలు కడిగిన నీరే ఏరై పారిందనీ స్థలపురాణం. మా ఆవిడ కథంతా విని, “కృష్ణుని పాదాల దగ్గర పుట్టి కృష్ణలోనే కలుస్తుందా! బావుంది” అని చేతులు జోడించింది. భూగోళం మాస్టారిగా నాకు అంత అందమైన మాట ఎన్నడూ తట్టలేదు.

పుట్టినచోట నది ఒక్క అంగలో దాటేటంత సన్నం. అక్కడినుంచి తూర్పుగా సాగి, సుమారు 240 కిలోమీటర్లు నడిచి, నల్లగొండ జిల్లా వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది.

తిరుగు దారిలో చిలుకూరు బాలాజీ గుడి. గండిపేట చెరువు ఒడ్డున ఉన్న ఈ స్వామికి సాఫ్టువేరు కుర్రవాళ్ళు “వీసా బాలాజీ” అని పేరు పెట్టారు. ఈ గుడిలో హుండీ లేదు. కోరిక చెప్పుకుని 11 ప్రదక్షిణాలు, తీరాక వచ్చి 108. చేతిలో కార్డు పట్టుకుని లెక్క టిక్కులు పెట్టుకుంటూ పరుగులాంటి నడకతో తిరుగుతున్నారు. మా అబ్బాయి కూడా ఒకప్పుడు 108 తిరిగినవాడేనని మా ఆవిడ అప్పుడు బయటపెట్టింది. అంతవరకూ నాకు తెలియదు!

సాయంత్రానికి గండిపేట కట్ట. అసలు పేరు ఉస్మాన్ సాగర్, 1920లో పూర్తయింది. నీటి మట్టం 1790 అడుగులు అని ఈ ఊళ్ళో వాన పడ్డప్పుడల్లా పత్రికల్లో చదువుతూంటాం. దీని తోబుట్టువు హిమాయత్ సాగర్, ఈసీ అనే ఉపనది మీద 1927లో కట్టారు. గండిపేట నీళ్ళు తాగినవాడు హైదరాబాదు విడిచి పోలేడని పాత సామెత. “మనవాడు ఇక్కడ పాతుకుపోయింది అందుకే కాబోలు” అన్నాను. “వాడు తాగేది క్యాను నీళ్ళండీ” అంది మా ఆవిడ.

బండలు, బావులు, చెరువులు

రెండో రోజు కారు అక్కరలేకపోయింది. మెట్రో రైల్లోనూ, ఆటోల్లోనూ తిరిగాం.

గండిపేట దిగువన నదికి అటు మంచిరేవుల, ఇటు నార్సింగి. మంచిరేవుల పేరులోనే రేవు ఉంది చూడండి! పేర్లు వింటూ పోతే నేల స్వభావం బోధపడుతుంది. కొండాపూర్, మణికొండ, రాయదుర్గం అన్నీ కొండల పేర్లే. గచ్చిబౌలి అంటే గచ్చు చేసిన బావి అని పెద్దలు చెప్పే అర్థం. ఈ నేలకు బండ ఉంది, బావి ఉంది, చెరువు ఉంది. లేనిదల్లా లోతైన మన్ను.

ఈ బండలకు వయస్సు సుమారు 250 కోట్ల సంవత్సరాలు. భూమిలో గట్టిపడిన గ్రానైటు పైకి తేలి, ఎండకూ వానకూ పగుళ్ళిచ్చి, మూలలు అరిగి గుండ్రాళ్ళయింది. ఒకదాని మీద ఒకటి పేర్చినట్టుండే ఆ గుండ్లను ఏ రాక్షసుడూ పేర్చలేదు. చుట్టూ ఉన్న మెత్తటి భాగం కొట్టుకుపోగా మిగిలినవి అవి. వీటిని కాపాడాలని 1996లో కొందరు నగరవాసులు ‘సొసైటీ టు సేవ్ రాక్స్’ అని సంఘమే పెట్టుకున్నారు.

బండ నేలలో వాన ఇంకదు, ఇంకినా కొద్దిగానే. పడ్డ నీరు గబగబా పల్లానికి పరుగెత్తుతుంది. అందుకే పూర్వులు ప్రతి పల్లానికీ అడ్డంగా ఒక కట్ట వేశారు. పై చెరువు నిండితే అలుగు పారి కింది చెరువులో పడుతుంది. అది నిండితే ఆ కిందిది. చివరికి మిగిలింది మూసీకి. గొలుసుకట్టు చెరువులంటే ఇవే. మా డెల్టాలో కాలువ తలుపెత్తితే పొలానికి నీరొస్తుంది. ఇక్కడి రైతుకు ఆ గొలుసే కాలువ, ఆ గొలుసే బ్యాంకు ఖాతా.

సైబర్ టవర్స్ చూశాం. 1998 నవంబరు 22న నాటి ప్రధాని వాజ్‌పేయీ ప్రారంభించిన పదంతస్తుల మేడ. ఇవాళ చుట్టూ ఉన్న మేడల మధ్య అది ఇంటికి పెద్దవాడిలా పొట్టిగా కనిపిస్తుంది. దాని ఎదుటే శిల్పారామం. 1992 నాటి ఆలోచన అది. సాఫ్టువేరు కంటే ముందే వచ్చింది. గంగిరెద్దులూ, హరిదాసులూ, పోచంపల్లి చీరలూ అన్నీ ఒక్కచోట. మా ఆవిడ చీరల దగ్గర గంటన్నర నిలబడింది. ఆ గంటన్నర సంగతి ఇక్కడ అప్రస్తుతం.

అక్కడికి దగ్గరే దుర్గం చెరువు. రెండు గుట్టల మధ్య ఇమిడి, దగ్గరికి పోతేగాని కనిపించకుండా ఉండటం చేత దీన్ని ‘సీక్రెట్ లేక్’ అన్నారు. 2020 సెప్టెంబరులో తీగల వంతెన తెరిచాక ఆ రహస్యం కాస్తా బట్టబయలయింది. రాత్రి దీపాల్లో ఆ వంతెన చూడవలసిందే. అయితే ఆ దీపాల కింద ఉన్న నీళ్ళది అంతకంటే గొప్ప కథ. కుతుబ్ షాహీల కాలంలో గోలకొండ కోటవాసులకు మంచినీళ్ళిచ్చింది ఈ చెరువే. కోట పల్లంలో, చెరువు మిట్టన! నాలుగు వందల ఏళ్ళ కిందటివాళ్ళు నేల వాలు చూసి నీళ్ళు నడిపించారు.

గచ్చిబౌలి దగ్గరి దర్గా హుసేన్ షా వలీది. పదహారో శతాబ్దంలో హుసేన్ సాగర్ కట్టించింది ఆయనే. ఇబ్రహీం కుతుబ్ షాకు అల్లుడు. చెరువు కట్టించిన మనిషి ఆఫీసు మేడల నీడన నిద్రపోతున్నాడని, రోజూ ఆ దారినపోయే మా అబ్బాయికి తెలియదు.

తెలుగువాళ్ళం ఇబ్రహీం కుతుబ్ షాను మరిచిపోకూడదు. మన కవులు ఆయన్ని ‘మల్కిభరాముడు’ అని ముద్దుగా పిలుచుకున్నారు. అద్దంకి గంగాధర కవి ‘తపతీ సంవరణోపాఖ్యానం’ ఆయనకే అంకితం. ఆ రోజుల్లోనే పటాన్‌చెరు ప్రాంతంలో అమీన్ ఖాన్ అనే అధికారి, పొన్నికంటి తెలగన్న అచ్చతెలుగులో రాసిన ‘యయాతి చరిత్ర’ను అంకితం పుచ్చుకున్నాడు. ఒక్క సంస్కృత పదం లేకుండా కావ్యం రాయాలన్న పట్టుదల పుట్టింది, ఇవాళ ఇంగ్లీషు తప్ప వినిపించని ఈ దాపుల్లోనే!

చింతచెట్టు సాక్షి

ఆదివారం అబ్బాయీ, కోడలూ కూడా బయలుదేరారు. పొద్దున్నే లంగర్ హౌజ్ బాపూఘాట్. మూసీ, ఈసీ కలిసే చోటు. 1948లో గాంధీజీ చితాభస్మాన్ని ఇక్కడ కలిపారు. సంగమం పవిత్రమైనదే, నీళ్ళు మాత్రం చేత్తో తాకేటట్టు లేవు. పిల్ల ముక్కు మూసుకుంది. నేనేమీ అనలేదు. ఆ వాసన నది చేసిన తప్పు కాదు.

అక్కడినుంచి పురానాపూల్. 1578లో కట్టిన వంతెన. అప్పటికి చార్మినారూ లేదు, హైదరాబాదూ లేదు. భాగమతిని చూడటానికి వరద నదిని దాటిన రాకుమారుడి కోసం తండ్రి ఈ వంతెన కట్టించాడని కథ. చరిత్రకారులు ఒప్పుకోరు. ప్రజలు మానుకోరు.

ఉస్మానియా ఆస్పత్రి ఆవరణలో ఒక చింతచెట్టు ఉంది. దాని ముందు నిలబడి, నేను 1908 కథ చెప్పాను.

ఆ ఏడు సెప్టెంబరు 28. ముందు రెండు రోజులుగా ఒకటే వాన. ఎగువన చెరువులు నిండాయి. ఒక చెరువు కట్ట తెగితే ఆ నీరంతా వెళ్ళి కింది చెరువు మీద పడింది. అదీ తెగింది. తర్వాత లెక్క చూస్తే, మూసీ పరీవాహకంలోని 788 చెరువుల్లో 221 తెగిపోయినట్టు తేలింది. నీళ్ళిచ్చి బతికించిన గొలుసే ఉరితాడైంది. వంతెనలు కొట్టుకుపోయాయి, పురానాపూల్ నిలబడింది. సుమారు 15,000 మంది చనిపోయారని చెబుతారు. ఈ చింతచెట్టెక్కి 150 మంది దాకా ప్రాణాలు దక్కించుకున్నారు.

తర్వాత నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారిని పిలిపించింది. ఆయన ఊళ్ళో గోడలు పెంచమని ఊరుకోలేదు. ఎగువకు వెళ్ళి చూశారు. వరదను అక్కడే ఆపి, మెల్లగా వదలడానికి రెండు పెద్ద జలాశయాలు కట్టమన్నారు. మొన్న మేము చూసిన గండిపేట, హిమాయత్ సాగర్ అలా పుట్టాయి. మంచినీళ్ళు ఆ వరద రక్షణతో పాటు దొరికిన వరం.

ఆ జలాశయాల చుట్టూ పది కిలోమీటర్ల మేర, 84 గ్రామాల్లో, పెద్ద కట్టడాలు రాకుండా 1996లో ప్రభుత్వం 111వ నంబరు ఉత్తర్వు ఇచ్చింది. ఆ ఆంక్షలు ఎత్తివేస్తూ 2022లో మరో ఉత్తర్వు వచ్చింది. ఈలోగా 2020 అక్టోబరు వానలకు నగరంలో ఎన్నో కాలనీలు మునిగాయి. 2025 సెప్టెంబరు ఆఖరున రెండు జలాశయాల నుంచీ నీరు వదిలితే, నది ఒడ్డునున్న మహాత్మా గాంధీ బస్ స్టేషన్‌లోకి వరద వచ్చి ప్రయాణికులు చిక్కుబడిపోయారు. నది తన దారి మరిచిపోదు.

అబ్బాయి చెట్టువంక చాలాసేపు చూస్తూ నిలబడ్డాడు.

రంగుల పుస్తకంలో లేనిది

సాయంత్రం నాలుగింటికి ఫ్లాటు చూడటానికి వెళ్ళాం. మాదిరి ఇల్లు చక్కగా ఉంది. పాలరాయిలాంటి నేల, ఈత కొలను, పిల్లలకు ఉయ్యాలలు. బాల్కనీలోంచి చెరువు నిజంగానే కనిపిస్తోంది. హంసలు లేవు, నాలుగు కొంగలున్నాయి.

నేను మాత్రం కిందికి దిగి ప్రహరీ వెంబడి నడిచాను. గోడకు అవతల పల్లంగా ఒక చార. అందులో తుంగ, గుర్రపుడెక్క. అది గోడ దాకా వచ్చి ఆగిపోయింది. గోడకు ఇవతల, సరిగ్గా అదే వరసలో, కొత్త మేడకు పునాది తీస్తున్నారు. గోడవతల మేకలు కాసుకుంటున్న ఒక పెద్దాయన కనిపించాడు.

“ఏం పెద్దాయనా, ఇది ఏ కాలవ?” అని అడిగాను.

“కాల్వ కాదు సారూ, గిది అలుగు వాగు. మీది చెరువు నిండితె నీళ్లు గీడికెల్లే కింది చెరువుల పడుతుండె. గిప్పుడు గోడ వెట్టిన్రు గద. మరి నీళ్లు యాడికి పోతయో, వానలు గట్టిగ వడితె తెలుస్తది” అన్నాడు, మేకల్ని అదిలిస్తూ.

అబ్బాయి నా వెనకే వచ్చి అంతా విన్నాడు. కాసేపటికి, “కాగితాలన్నీ పక్కాగా ఉన్నాయన్నారు నాన్నా” అన్నాడు మెల్లగా.

“ఉండవచ్చురా. కాని నీళ్ళకు కాగితాలు చదవడం రాదు” అన్నాను.

ఆ రాత్రి వాడు కంప్యూటరు ముందు కూర్చున్నాడు. చెరువుల పూర్తి నీటిమట్టం గీతలతో పటాలు నగరాభివృద్ధి సంస్థ హెచ్‌ఎండీఏ వారి వెబ్‌సైటులో ఉన్నాయి. పాతిక ఎకరాలు దాటిన చెరువుకు ఆ గీత నుంచి 30 మీటర్ల దాకా కట్టడాలు కూడదని నియమం. నీటి దారుల్లో కట్టినవాటిని తొలగించడానికి 2024లో ‘హైడ్రా’ అని ఒక సంస్థే ఏర్పడింది. పటంలో ఆ కొత్త మేడ చోటు మీదుగా నీలి గీత స్పష్టంగా పోతోంది. కోడలు రంగుల పుస్తకం మడిచి పక్కన పెట్టింది. “మామయ్యగారూ, ఇంకో ఆర్నెల్లు అద్దె కొంపే నయం” అంది. సోమవారం అడ్వాన్సు కట్టలేదు.

ఇల్లు కొనే ప్రతివాళ్ళూ భయపడి పారిపోవాలని నేననడం లేదు. ఈ లోయలో మిట్టలున్నాయి, రాళ్ళున్నాయి, హాయిగా కట్టుకోదగ్గ చోట్లు ఎన్నో ఉన్నాయి. కాగితాలు వకీలుకు చూపించినట్టే, నేలను ఒక్కసారి ఆ ఊరి పెద్దవాళ్ళకు చూపించమంటాను. వర్షాకాలంలో వెళ్ళి చూస్తే మరీ మంచిది.

మా నదే!

తిరుగు ప్రయాణంలో మిర్యాలగూడ మీదుగా గుంటూరు పోయే రైలెక్కాం. నగరం దాటిన మూసీ ఆ మురికినంతా మోసుకుంటూ నల్లగొండ పల్లెల్లోకి పోతుంది. ఆ నీళ్ళతోనే అక్కడివాళ్ళు గడ్డీ, వరీ పండిస్తారు. సూర్యాపేట దగ్గర మూసీ ప్రాజెక్టులో కాస్త నిలిచి, వాడపల్లి చేరుతుంది. అక్కడ సంగమం ఒడ్డున అగస్త్యేశ్వరుడూ, లక్ష్మీనరసింహస్వామీ ఉన్నారు. ఆ కలిసిన నీళ్ళే పులిచింతల దాటి, బెజవాడ ప్రకాశం బ్యారేజీకి వచ్చి, మా బందరు కాలువలోకి దిగుతాయి.

మా అబ్బాయి కుళాయిలోకి 2004 నుంచి కృష్ణ నీళ్ళు, 2015 నుంచి గోదావరి నీళ్ళు వంద కిలోమీటర్లకు పైబడిన దూరం నుంచి గొట్టాల్లో ఎక్కి వస్తున్నాయి. వాళ్ళు వాడి వదిలినవి మూసీలో పడి మళ్ళీ మా కృష్ణకే చేరుతున్నాయి. నా కొడుకు సింకులో వంచిన నీళ్ళు నా ఊరి కాలువకు వస్తాయని, ఇన్నేళ్ళు భూగోళం చెప్పిన నేనే ఇంతవరకు ఆలోచించలేదు.

విష్ణుపురం దాటాక రైలు కృష్ణ మీదికి వచ్చింది. మా ఆవిడ కొంగు ముడి విప్పి రూపాయి తీసి నదిలోకి విసిరింది. సరిగ్గా అప్పుడే మనవరాలు ఫోను చేసింది.

“తాతయ్యా, వ్యాసం మళ్ళీ రాశాను. మొదటి వాక్యం చదవనా?”

“చదువు తల్లీ.”

“మా ఊరి నది పేరు మూసీ. అది మా తాతయ్యగారి ఊరికి పోతుంది.”

రెండో వాక్యం వంతెన చప్పుడులో నాకు వినిపించలేదు.